రోడ్డు మధ్య దిమ్మె

మా అత్తగారికీ ఆవిడ అక్కగారికీ మధ్య ఒక రోడ్డు ఉంది. ఆ రోడ్డును బాగుచేసే ఉద్యోగం నాది. ఈ రెండు సంగతులూ ఒకదాని జోలికి ఒకటి రానంతకాలం మా ఇంట్లో అందరం సుఖంగానే ఉన్నాం.

నేను నగరపాలక సంస్థ రోడ్ల విభాగంలో ఇంజనీరుని. మేముండేది పెద్ద రోడ్డు మీద ఒక భవనంలో, మూడో అంతస్తులో. సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, మరో మూడో అంతస్తులో పెద్దత్తగారు, అంటే మా అత్తగారి అక్క, ఒక్కరే ఉంటారు. ఈ బాల్కనీలోంచి ఆ బాల్కనీ బాగా కనిపిస్తుంది. తీగ మీద ఆరేసిన బట్టలను బట్టి అవతలి ఇంట్లో చుట్టాలు దిగారో లేదో ఇద్దరూ చెప్పేయగలరు.

అయినా మేమీ ఇంటికి వచ్చినప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే మా అత్తగారు కింద నిలిచిపోయిన బస్సుల వైపు చెయ్యి చూపించి, ఆ రోడ్డు దాటి ఎవరు వెళ్తారు అనేవారు. అవతల పెద్దత్తగారు కూడా అవే బస్సులను చూపించి అదే మాట అంటారని వినికిడి.

రోడ్డు మాటకొస్తే వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. మా విభాగం దాన్ని ఇప్పటికే మూడుసార్లు వెడల్పు చేసింది. చేసిన ప్రతిసారీ ఎక్కడెక్కడి బళ్ళూ కబురు పెట్టినట్టు వచ్చి ఆ వెడల్పును నింపేశాయి. పొద్దున బస్సెక్కినవాళ్ళు కిటికీలోంచి పక్క బస్సులోని వాళ్ళతో పరిచయాలు పెంచుకుని, పెళ్ళిసంబంధాలు మాట్లాడుకునేదాకా వెళ్ళారని చెప్పుకుంటారు. దాటేవాళ్ళ కోసం ఒక కాలినడక వంతెన కూడా కట్టాం. దానికి చాలా మెట్లున్నాయి. మోకాళ్ళు బాగాలేనివాళ్ళు దాన్ని ఎక్కలేరు. మోకాళ్ళు బాగున్నవాళ్ళు కిందనుంచే పరిగెత్తి దాటేస్తారు. అందువల్ల ఆ వంతెన ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది.

కానీ అసలు సంగతి రోడ్డు కాదు. అక్కకి దగ్గరగా ఉండాలనే మా అత్తగారు పట్టుబట్టి మాచేత ఈ ఇల్లు కొనిపించారు. సామాన్లు సర్దుకున్న రోజున, కొత్త ఇల్లు కదా, ముందు అక్కే వచ్చి చూడాలి అన్నారు. అవతల నుంచి, పెద్దదాన్ని కదా, ముందు చెల్లెలే వచ్చి కనబడాలి అని జవాబొచ్చింది. అంతే. కేకలు లేవు, శాపనార్థాలు లేవు. ఎవరూ ఎవరింటికీ వెళ్ళకపోవడమే ఆ గొడవంతా. ఫోను కూడా ముందు ఎవరు చేయాలన్న దగ్గర ఆగిపోయింది. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే వంశం వాళ్ళది. మా ఆయన మధ్యవర్తిగా వెళ్ళి రెండు వైపులా తిట్లు తిని, ఆ తర్వాత నుంచి పేపరు చదువుకుంటున్నాడు.

ఇద్దరూ డెబ్భై దాటినవాళ్ళు. ఈ పంతం తీరేలోపు ఇద్దరిలో ఎవరో ఒకరు ఉండరేమోనని మా ఆయనకి భయం. నాకూ అదే భయం. ఆ మాట ఇంట్లో ఎవరం పైకి అనం.

ఇలాంటి ఇంట్లో రోడ్డు ఎంత ఉపకారమో ఆలోచించండి. పంతం అని చెప్పుకోవడం నామోషీ. ట్రాఫిక్ అని చెప్పుకుంటే అందరూ అయ్యో అంటారు. మా అత్తగారు అక్కడితో ఆగకుండా, నేను ఆఫీసు నుంచి రాగానే, చెప్పులు విప్పేలోపే, మొదలుపెట్టేవారు. అక్కాచెల్లెళ్ళని విడదీసిన పాపం మీ ఆఫీసుకి ఊరికే పోదనేవారు. తోబుట్టువు మొహం చూడడానికి ఒక దారైనా వేయలేని ఇంజనీర్లెందుకనేవారు. భవనంలో అందరూ వినేటట్టు మెట్ల మీద కూడా అనేవారు. ప్రభుత్వం వారి పని, ఈ జన్మలో అవదులే అన్న ధీమాతో ఆవిడ ఎంత ధైర్యంగా సాధించేవారో నాకప్పుడు తెలియలేదు.

తీరా ఆ పని అయింది.

మా పై అధికారిని ఆఫీసులో అందరూ చూద్దాంగారు అంటారు. ఏ కాగితం పెట్టినా, ఏ మాట అడిగినా, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని చూద్దాం అంటారు. ఆయన చూద్దామన్న పనుల్లో కొన్ని ఆయనకంటే ముందు రిటైరయ్యాయి. అలాంటాయన ఒక రోజు నన్ను పిలిచి, పెద్ద రోడ్డుని మళ్ళీ వెడల్పు చేయడం లేదు, ఈసారి బాగుచేస్తున్నాం అన్నారు. ఆ రెండూ వేరని మా ఆఫీసులో ఒకరు అనడం అదే మొదలు.

పథకం మంచిదే. అది గీసింది నేనే కాబట్టి చెప్పుకోవడం బాగుండదు గానీ, నిజంగా మంచిదే. బస్సులకి విడిగా ఒక వరస, సైకిళ్ళకి ఒక దారి, మనుషులు నడవడానికి వీలైన ఫుట్‌పాత్, రెండు వైపులా నీడనిచ్చే చెట్లు. కార్లకి మిగిలింది కార్లకి. ఎన్ని బళ్ళు వెళ్ళాయని కాకుండా ఎంతమంది మనుషులు వెళ్ళారని లెక్కపెట్టడం దాని మూలసూత్రం. రెండు వైపుల బస్టాపులూ ఎదురెదురుగా ఉన్నచోట, సిగ్నలుతో సహా, రోడ్డు దాటే చారలు. ఆ చోటు సరిగ్గా మా ఇంటి ముందు. నేనే కావాలని అక్కడ పెట్టుకున్నానని మా సెక్షన్లో సగంమంది నమ్మారు. బస్టాపులని నేను పెట్టలేదని చెప్పినా వినలేదు.

అయితే ఒక మెలిక. సిమెంటు పోశాక తప్పు తెలుసుకోవడం మా ఆఫీసుకి మొదటినుంచీ అలవాటు. ఈసారి అడుసు తొక్కకుండానే కాలు సంగతి తేల్చుకోవాలని పైవాళ్ళు నిర్ణయించారు. ముందు రంగు గీతలతో, ప్లాస్టిక్ స్తంభాలతో, పూలకుండీలతో కొన్నాళ్ళు నడిపి చూడాలి. బాగుంటేనే సిమెంటు. రోడ్డు మధ్యలో, దాటుతూ ఆగిపోయినవాళ్ళు నిలబడడానికి, చెక్కలతో ఒక దిమ్మె కట్టి చుట్టూ కుండీలు పెట్టాలి.

ఈ శుభవార్త నేను ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాను. మీ కోరిక తీరుతోంది అత్తయ్యా, వచ్చే నెల నుంచి హాయిగా అక్కగారింటికి నడిచి వెళ్ళొచ్చు అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు, ఉన్న ఇల్లు ఖాళీ చేయమన్నవాళ్ళని చూసే చూపు.

"అంత తొందరేం వచ్చింది మీకు?" అన్నారు.

మా ఆయన పేపరు కొంచెం పైకెత్తుకున్నాడు. ఆ వారమంతా ఆవిడ రోడ్డు గురించి ఒక్క మాట ఎత్తలేదు. కూరలో ఉప్పు మాత్రం రెండుసార్లు వేశారు. అప్పుడు నాకు అర్థమైంది, ఇన్నేళ్ళూ ఆ ట్రాఫిక్ ఆవిడకి ఎంత అండగా నిలబడిందో. నేను ఆవిడకి దారి వేయడం లేదు, ఆవిడ చాటు తీసేస్తున్నాను.

సిగ్నలులో ఆకుపచ్చ మనిషి బొమ్మ ఎంతసేపు వెలగాలన్నది తేల్చాలి. దానికి మనుషులు ఎంత వేగంగా నడుస్తారో తెలియాలి. పుస్తకాల్లో ఒక లెక్క ఉంది గానీ, మన మనుషుల నడక మనమే కొలుద్దాం అని చూద్దాంగారు ఉత్సాహపడ్డారు. బయట ఎండగా ఉంది. అందుకని మా ఆఫీసు వరండాలోనే సుద్దముక్కతో రెండు గీతలు గీసి, ఆ మధ్య నడిచినవాళ్ళందరి వేగమూ కొలిచాం. చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ, లావుపాటివాళ్ళూ బక్కవాళ్ళూ, రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాళ్ళూ అందరూ ఉన్నారు. పద్ధతి ప్రకారమే చేశాం. సగటు వేగం చూసి మా సిబ్బంది ఆరోగ్యానికి మేమే మురిసిపోయాం.

ఆ వరండా క్యాంటీనుకి వెళ్ళే దారి. మేము కొలిచింది మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక. తినేసి తిరిగి సీట్లకి వెళ్ళేటప్పుడు కొలిచి ఉంటే రోడ్డు చరిత్ర వేరుగా ఉండేది.

సిగ్నలు ప్రారంభమైన సాయంత్రం భవనంలో వాళ్ళందరూ కిందికి దిగారు. ఏళ్ళ తరబడి మెట్ల మీద మా అత్తగారి గోడు విన్నవాళ్ళే అందరూ. ఇంక మీ అక్కయ్యగారిని చూడొచ్చండీ అంటూ ఎవరికి వారు ఆవిడని ఫుట్‌పాత్ దాకా సాగనంపారు. కాదనడానికి లేదు. ఆవిడ మొహం మాడ్చుకుని, చారలు ఎలా వేశారో చూసి వస్తాను, అంతే అని నాతో గట్టిగా చెప్పారు. అవతల వైపు కూడా ఒక చిన్న గుంపు కనబడింది. దాని మధ్యలో పెద్దత్తగారు. ఆవిడ కూడా అక్కడ అదే గోడు వెళ్ళబోసుకున్నారు కాబట్టి ఆవిడకీ గత్యంతరం లేదు.

ఆకుపచ్చ బొమ్మ వెలిగింది. ఇద్దరూ రోడ్డు మీద కాలు పెట్టారు.

అవతల దాకా వెళ్ళే ఉద్దేశం ఇద్దరికీ లేదనే నా నమ్మకం. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చేస్తే జనం నోరు మూతపడుతుందని అనుకుని ఉంటారు. కానీ వాళ్ళు సగం దాకా వచ్చారో లేదో ఆకుపచ్చ బొమ్మ ఆరిపోయింది. భోజనానికి పరిగెత్తే గుమాస్తా అయితే ఆ పాటికి అవతలి గట్టున ఉండేవాడు. వీళ్ళు ముందుకి వెళ్ళలేరు, వెనక్కి రాలేరు. రెండు వైపులా బస్సులు కదిలాయి. ఇద్దరూ దిమ్మె ఎక్కి నిలబడ్డారు. దిమ్మె పెద్దదేమీ కాదు. ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడడానికి అందులో చోటు లేదు.

నేను ఇవతల గట్టున నిలబడి చూస్తున్నాను. బస్సుల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనబడ్డారు. ఒక బస్సు వెళ్ళాక చూస్తే ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. ఇంకో బస్సు వెళ్ళాక చూస్తే పెద్దత్తగారు కుండీ అంచు మీద చెయ్యి వేసి, అక్కడ కూర్చోమని చూపిస్తున్నారు. మూడో బస్సు వెళ్ళేసరికి ఇద్దరూ కూర్చుని ఉన్నారు. నేను కళ్ళు తుడుచుకున్నాను. పక్కనున్నవాళ్ళు అడిగితే దుమ్ము అని చెప్పాను.

ఆ తర్వాత ఎన్ని ఆకుపచ్చలు వెలిగి ఆరినా వాళ్ళు లేవలేదు. చీకటి పడబోతుంటే మా అత్తగారు ఇటూ, పెద్దత్తగారు అటూ వచ్చేశారు. ఏం మాట్లాడుకున్నారని మా ఆయన అడిగితే, ఏముంది, మోకాళ్ళ గురించి అన్నారు.

మర్నాడు సాయంత్రం ఆవిడ అడగకుండానే తయారయ్యారు. నేను వాళ్ళింటికి వెళ్ళడం లేదు, దిమ్మె దాకా వెళ్తున్నాను అని గుమ్మంలో నిలబడి స్పష్టం చేశారు. అందులో కిటుకు అదే. ఆ దిమ్మె అక్క ఇల్లూ కాదు, చెల్లెలి ఇల్లూ కాదు. నగరపాలక సంస్థ ఆస్తి. అక్కడికి ఎవరు ముందొచ్చినా ఎవరి పరువూ పోదు. క్యాంటీను ఆకలితో మేము చేసిన పొరపాటు ఆ ఇద్దరి పంతానికి సరిగ్గా కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

కొద్ది రోజుల్లోనే అది వాళ్ళ ఇల్లైపోయింది. రెండు మడత కుర్చీలు వెళ్ళాయి. ఫ్లాస్కు వెళ్ళింది. ఎండగా ఉంటే గొడుగు వెళ్ళింది. ఇటు లారీలు, అటు బస్సులు, మధ్యలో ఇద్దరు పెద్దవాళ్ళు బఠాణీలు ఒలుచుకుంటూ చిన్నప్పటి సంగతులు చెప్పుకునేవారు. హారన్లకి తగ్గట్టు గొంతు పెంచడం నేర్చుకున్నారు కాబట్టి ఆ చిన్నప్పటి సంగతులు రెండు బస్టాపుల్లోనూ అందరికీ తెలిసిపోయాయి. బస్సు డ్రైవర్లు వెళ్తూ వెళ్తూ పలకరించేవారు. కుండీల్లో మేము పెట్టిన పూలమొక్కలు వాడిపోతే మా అత్తగారు పీకేసి కొత్తిమీర చల్లారు. మా ఇంట్లో కూరలో ఉప్పు మళ్ళీ ఒకసారే పడసాగింది. మా ఆయన పేపరు కిందికి దించి మాట్లాడడం మొదలుపెట్టాడు.

ప్రయోగం గడువు దగ్గరపడింది. చూద్దాంగారు స్వయంగా పరిశీలనకి వచ్చారు. బస్సులు ఆగకుండా వెళ్తున్నాయని సంతోషించారు. సైకిళ్ళు చూసి సంతోషించారు. దిమ్మె దగ్గరికి వచ్చేసరికి కొత్తిమీరని, మడత కుర్చీలని, వాటిలో ఉన్నవాళ్ళని చూశారు. వాళ్ళెవరని నన్నడిగారు. పాదచారులు సార్ అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకునేలోపు అసలు సంగతి బయటపడింది. చంకలో కర్రలతో దాటుతున్న ఒకాయన సగంలో చిక్కుకుపోయాడు. కడుపుతో ఉన్న ఒకావిడ ఆయన పక్కన నిలబడింది. బస్సు వాళ్ళని రాసుకుంటూ వెళ్ళింది. మా అత్తగారు ఆయనకి కుర్చీ ఇచ్చారు. అందరూ ఇలాగే మధ్యలో ఆగిపోతున్నారా అని చూద్దాంగారు అడిగితే, ఆఫీసు వాళ్ళు తప్ప అందరూ ఆగిపోతున్నారు అని పెద్దత్తగారు జవాబు చెప్పారు.

తప్పు మాది. ఆకుపచ్చ సమయం పెంచాలి. పెంచితే అందరూ ఒక్క విడతలో దాటేస్తారు. ఒక్క విడతలో దాటగలిగితే మధ్యలో దిమ్మె అక్కర్లేదు. దిమ్మె తీసేస్తే ఆ జాగా రెండు పక్కలకీ సర్దుకుని చెట్ల వరస పూర్తవుతుంది. లెక్క నేనే వేశాను. అందులో ఎక్కడైనా తప్పు దొరికితే బాగుండునని మళ్ళీ వేశాను. దొరకలేదు. కర్రలాయన్ని, కడుపుతో ఉన్నావిడని బస్సుల మధ్య నిలబెట్టి మా ఇంటి గొడవ తీర్చుకోవడం ఏ లెక్కకీ అందదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. దిమ్మె తీసేయాలని రాసి సంతకం పెట్టింది నేనే.

ఇంటికి వచ్చి అత్తగారికి చెప్పాను. ఆవిడ బఠాణీల గిన్నె పక్కన పెట్టారు.

"తీసేస్తే తీసేయండి. నేను మాత్రం వాళ్ళింటికి ముందు వెళ్ళను," అన్నారు.

మరి మీ అక్కని చూడకుండా ఉండగలరా అని అడిగాను. ఇన్నాళ్ళూ ఉండలేదా అన్నారు. ఆ మాట అని, ఒలిచేసిన తొక్కల్లో బఠాణీల కోసం వెతకసాగారు. నాకు ఆవిడ మీద జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమే కొంచెం ఎక్కువ వచ్చింది.

ఆ ఊపులోనే రోడ్డు దాటి పెద్దత్తగారింటికి వెళ్ళాను. పెద్దవాళ్ళ మధ్య కబుర్లు మోయడం నాకు ఇష్టం ఉండదు. ఆ రోజు మోశాను. పెద్దత్తగారు సంగతంతా విని, తీసేస్తే తీసేయండి, నేను మాత్రం ముందు రాను అన్నారు. అక్కాచెల్లెళ్ళన్నందుకు మాటలు కూడా ఒకటే. నేను విసుగ్గా కూర్చుందామని చుట్టూ చూశాను. ముందు గదిలో గోడవారగా ఎత్తుగా ఒక కుర్చీ ఉంది, వంగలేనివాళ్ళు తేలిగ్గా కూర్చుని లేచే రకం. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా దాని మీదే ఉంది. కవరు మీద దుమ్ము పేరుకుంది. అందులో కూర్చోబోతే పెద్దత్తగారు అది కాదని వేరే కుర్చీ చూపించారు.

పెద్దత్తగారికి మోకాళ్ళ నొప్పులు లేవు. ఆవిడకి ఉన్నదల్లా ఆయాసం. మోకాళ్ళ నొప్పులు మా అత్తగారివి.

లేచి వస్తూ ఒక మాట చెప్పాను. మీ బాల్కనీ లైటు ఆరితే గానీ మా అత్తయ్య పడుకోరండీ, ఒక్కోరోజు మీరు ఆర్పడం మరిచిపోతే ఆవిడ కిటికీ దగ్గరే కునికిపాట్లు పడుతుంటారు అన్నాను. పెద్దత్తగారు గోడమీద స్విచ్చు వైపు చూశారు.

ఇంటికి వచ్చి అత్తగారికి కుర్చీ సంగతి చెప్పాను. ఎవరికోసమో కొని ఉంటుందిలే అన్నారు. ఎత్తు ఎంత ఉందని అడిగారు. చేత్తో చూపించాను. ఆవిడ లేచి నిలబడి, ఆ ఎత్తుని తన మోకాలితో సరిచూసుకుని, మళ్ళీ కూర్చున్నారు.

ఈసారి నడక వేగం సవ్యంగా కొలవాలనుకున్నాను. బస్టాపులో నిలబడి కర్రలవాళ్ళనీ, సంచులవాళ్ళనీ, చంటిపిల్లలవాళ్ళనీ కొలిచాను. అందరికంటే నెమ్మదిగా నడిచేవారు మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి, అత్తగారిని హాలులో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిపించి ఆ వేగాన్నే ఖాయం చేశాను. ఎందుకని ఆవిడ అడగలేదు. నేను గడియారం చూస్తుంటే మాత్రం ఇంకాస్త నెమ్మదిగా నడిచారు.

దిమ్మెను ఒక ఉదయం తీసేశారు. కొత్తిమీర కుండీని మా ఆయన ఇంటికి మోసుకొచ్చాడు. ఆ సాయంత్రం నుంచే కొత్త సమయం. చూద్దాంగారు, సిగ్నలు పెట్టె తాళం తీసుకుని మెకానిక్, నేను ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. అందరూ ఒక్క విడతలో దాటేస్తున్నారు. కర్రలాయన అవతలి గట్టెక్కి వెనక్కి తిరిగి మాకు చెయ్యెత్తి చూపించాడు. నేను ఆ ఆనందం పూర్తిగా అనుభవించలేకపోయాను. మా బాల్కనీ వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

ఎందుకు లేరంటే ఆవిడ నా పక్కకి వచ్చేశారు. ఇస్త్రీ బట్టలు, బయటికి వెళ్ళేటప్పుడు వేసుకునే చెప్పులు, చేతిలో మూత బిగించిన డబ్బా. నేనెవరో తెలియనట్టు, ఆకుపచ్చ బొమ్మ వెలగగానే రోడ్డు మీదికి దిగారు. ఈసారి చారలు చూడడానికి కాదు. ఆ నడక చూస్తేనే తెలిసింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

ఆ సంతోషం రోడ్డు సగం దాకానే ఉంది. ఎందుకంటే అవతల నుంచి పెద్దత్తగారు వస్తున్నారు. ఇస్త్రీ బట్టలు, చేతిలో డబ్బా. సరిగ్గా దిమ్మె ఉండే చోట ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఎక్కడికి?" అన్నారు పెద్దత్తగారు.

"మీ ఇంటికి. నువ్వెక్కడికి?"

"మీ ఇంటికే."

ఇద్దరూ ఆగిపోయారు. ఇన్నేళ్ళూ నువ్వు ముందంటే నువ్వు ముందని కూర్చున్నవాళ్ళు, ఇప్పుడు నేను ముందంటే నేను ముందని నిలబడ్డారు. పంతం పాతదే, మొహం తిప్పుకుందంతే. నేను బయల్దేరాక వెనక్కి తిరగను అని ఒకరంటే, నేను మాత్రం తిరగడానికి వచ్చానా అని ఇంకొకరన్నారు. ఆకుపచ్చ బొమ్మ ఆరిపోవడానికి సిద్ధంగా ఉంది. వాళ్ళకి ఎక్కి నిలబడడానికి ఇప్పుడక్కడ దిమ్మె లేదు. దాన్ని తీసేయమని రాసింది నేను.

మెకానిక్ తాళం చేత్తో పట్టుకుని, బళ్ళని వదలమంటారా ఆపమంటారా సార్ అని చూద్దాంగారిని అడిగాడు. ఆయన అలవాటుగా కళ్ళజోడు మీద చెయ్యి వేశారు. తీయలేదు.

"ఆపు. వాళ్ళ మాటయ్యేదాకా ఒక్క బండి కదలకూడదు," అన్నారు.

అడిగినదానికి ఆయన నోట చూద్దాం కాక ఇంకో జవాబు వినడం నా సర్వీసులో అదే మొదలు. ముందున్న బస్సు డ్రైవరు ఇంజను ఆపేశాడు. బఠాణీల రోజుల నుంచి ఎరిగినవాడే. పక్క బస్సు కూడా ఆగింది. వెనకెక్కడో కనబడనివాళ్ళు హారన్లు కొట్టారు. చూస్తుండగా ఆ వరస పై చౌరస్తా దాకా పెరిగింది. మేము ఇన్నాళ్ళూ కష్టపడి తగ్గించిన రద్దీ అంతా మా కళ్ళముందే తిరిగి వచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నాకా రెండూ ఒకచోటే తగిలాయి.

పరుగున వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. పెద్దత్తగారు చెల్లెలి మొహం వైపు కాక కాళ్ళ వైపు చూస్తున్నారు. మా అత్తగారి బరువంతా ఒక కాలి మీదికి వచ్చేసింది.

"నిలబడలేకపోతున్నావు చిట్టీ. మా ఇంట్లో ఎత్తు కుర్చీ ఉంది, పద. రేపు మీ ఇంటికి నేనొస్తాను."

"దాని కవరు తీశావా?" అని అడిగారు మా అత్తగారు.

"నువ్వొచ్చి తీస్తావని ఉంచా."

మా అత్తగారు డబ్బా నా చేతిలో పెట్టి, ఖాళీ అయిన చేత్తో అక్క చెయ్యి పట్టుకున్నారు. పెద్దత్తగారి డబ్బా కూడా నా చేతికే వచ్చింది. ఇద్దరూ అవతలి వైపు నడిచారు. నడిచారనడం కూడా ఎక్కువే. రెండడుగులు వేసి ఆగి ఏదో చెప్పుకుంటారు, మళ్ళీ ఒక అడుగు వేస్తారు. ఒకరికి ఆయాసం, ఒకరికి మోకాళ్ళు, ఇద్దరికీ చెప్పుకోవలసిన కబుర్లు. వెనక నేను రెండు డబ్బాలు పట్టుకుని, ఆగిన బస్సులన్నిటికీ తల వంచి నమస్కారం పెడుతూ నడిచాను. వాళ్ళు అవతలి గట్టు ఎక్కాకే మెకానిక్ తాళం తిప్పాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే, ఆ సిగ్నలు దగ్గర ఆకుపచ్చ సమయం మళ్ళీ పెంచాలని రాసి చూద్దాంగారి బల్ల మీద పెట్టాను. నిన్ననే కదా పెంచాం, ఇంతలో ఏం తప్పు దొరికింది అని అడిగారాయన. మా అత్తగారు ఒక్కరే నడిచే వేగం కొలిచాను సార్, అక్కతో కలిసి నడిచే వేగం కొలవలేదు అన్నాను. ఆయన కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు.